ఫోను మనది, అందలి గది పరులదా?

మన మట్మారిలోను, చుట్టుపట్ల గ్రామములలోను మొబైలు ఫోను నేడు నాగలివలెనే, త్రాసువలెనే సంసారోపకరణమైనది. రాయచూరు మార్కెట్టులో ప్రత్తి ధర, బిడ్డల పరీక్షా ఫలితము, రైలు టిక్కెట్టు, తెలుగు దినపత్రిక, అన్నియు దానియందే చూచుకొనుచున్నాము. అది రొక్కమిచ్చి కొన్న వస్తువు. బిల్లు మన పేరనే యున్నది. అట్టి వస్తువునందు మనము కోరని బ్రౌజరు ఒకటి ముందుగనే కూర్చుండి, పొమ్మన్నను పోకున్నచో, ఆ వస్తువునకు యజమాని ఎవరు? ఈ వారము మేము చదువరుల ముందుంచు ప్రశ్న యిదియే.

బ్రౌజరనగా ఇంటర్నెట్టునకు వాకిలి వంటిది. మనము ఏమి వెదకితిమో, ఏమి చదివితిమో, ఏమి కొంటిమో సమస్తమును ఆ వాకిటిగుండనే పోవును. ఇల్లు కొని గృహప్రవేశమునకు పోగా, వీధి గదిలో అమ్మినవాని మనిషి చాప పఱచుకొని కూర్చుండి, “నేను జీతమడుగను, ఊరకే కాపలా కాయుదును, కాని నన్ను వెడలగొట్టుటకు మీకు వీలులేదు” అన్నచో మనలో నెవరైన సమ్మతింతురా? ఇంటి విషయమున సమ్మతింపనిదానిని ఫోను విషయమున ఏల సహించుచున్నాము?

ఈ వివాదము క్రొత్తది కాదు. 1998లో మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ 98 అను ఆపరేటింగ్ సిస్టమును వెలువరించినప్పుడు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు అను తన బ్రౌజరును దానిలో కలిపివేసినది. ప్రోగ్రాములను తొలగించుకొను జాబితానుండి దాని పేరునే తీసివేసినది. ఇది వేరు వస్తువు కాదు, సిస్టములో అవయవమే అని వాదించినది. ఆ యేడు మే 18వ తేదీన అమెరికా ప్రభుత్వమును, అనేక రాష్ట్రములును కంపెనీపై వ్యాజ్యము వేసినవి. క్రింది న్యాయస్థానము కంపెనీని రెండుగా చీల్చుమని 2000లో ఇచ్చిన ఆజ్ఞను అప్పీలు కోర్టు 2001 జూన్ 28న కొట్టివేసిన మాట నిజమే. కాని తొలగింపు జాబితానుండి బ్రౌజరును తప్పించుటయు, దాని కోడును సిస్టము కోడుతో కలగలుపుటయు చట్టవిరుద్ధములని ఆ అప్పీలు కోర్టే తేల్చినది. చీల్చుమన్న ఆజ్ఞ నిలువకున్నను, తొలగింపనీయకుండుట తప్పను మాట నిలిచినది. ఈ భేదమును మనవారు గుర్తుంచుకొనవలెను.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మట్మారి యని కొందరు నవ్వవచ్చును. కాని ఆ కట్టడి తెలుగు చదువరులకు తగులకపోలేదు. యూనికోడు లిపి వ్యాప్తిలోనికి రాకమునుపు ఈనాడు మొదలైన తెలుగు పత్రికలు తమ పుటలను డైనమిక్ ఫాంటులతో నడిపెడివి. ఆ ఫాంటుల పద్ధతి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో మాత్రమే పనిచేసెడిది. వేరొక బ్రౌజరులో తెఱచినచో తెలుగుమాటకు మారుగ అర్థములేని గీతలును చుక్కలును కనబడెడివి. ఫైర్‌ఫాక్స్ వాడదలచినవారు పద్మ అను పొడిగింపును చేర్చుకొని ఆ అక్షరములను యూనికోడులోనికి మార్చుకొనవలసివచ్చెను. ఒక కంపెనీ వాకిలియే రాజమార్గమైనప్పుడు మన మాతృభాష సైతము ఆ వాకిటిగుండనే పోవలసివచ్చినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

ఇప్పుడు మన దేశమున జరిగినది చూతము. ఆండ్రాయిడు ఫోనులలో గూగుల్ కంపెనీ తన ఆప్‌ల సమూహమును మొత్తముగ, బ్రౌజరైన క్రోమ్‌తో సహా, ముందుగనే పెట్టవలెనని తయారీదారులను నిర్బంధించినదనియు, వానిని తొలగించు అవకాశము నీయలేదనియు, ఇది అన్యాయమైన షరతు అనియు భారత కాంపిటిషన్ కమిషను 2022 అక్టోబరు 20న తీర్పుచెప్పి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ముందుగ పెట్టిన ఆప్‌లను వాడుకరి తొలగించుకొనుటను ఆటంకపరుపరాదని స్పష్టముగ ఆజ్ఞాపించినది. 2023 మార్చి 29న జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునలు జరిమానాను స్థిరపరచినది. సమూహమంతయు పెట్టితీరవలెనని తయారీదారులను నిర్బంధింపరాదను ఆజ్ఞను నిలిపినది. కాని నాలుగు ఆజ్ఞలను రద్దుచేసినది. ఆ నాలుగింటిలో ఈ తొలగింపు ఆజ్ఞయు నొకటి. తరువాత ఉభయపక్షములును సుప్రీంకోర్టునకు పోయినవి.

అనగా తయారీదారునకు కొంత స్వేచ్ఛ చిక్కినది. సొమ్మిచ్చి కొన్నవానికి మాత్రము చిక్కలేదు. పెండ్లివారికి సంధి కుదిరినది, విస్తరి ముందు కూర్చున్నవానికి అన్నము రాలేదు. ఆ ట్రైబ్యునలుపై మాకు గౌరవము కలదు. అయినను ఈ ఒక్క విషయమున కమిషను మాటయే ప్రజలకు హితమైనదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

ప్రతిపక్షము వారి వాదములను విందము. మొదటిది: బ్రౌజరు ఉచితము గదా, నష్టమేమి? ఉచితమైనచో దానిని నిలుపుకొనుటకు ఇంత పట్టుదల యేల? 2024 ఆగస్టు 5న అమెరికా న్యాయస్థానము గూగుల్‌పై ఇచ్చిన తీర్పులో ఒక లెక్క వెల్లడియైనది. బ్రౌజరులలోను ఫోనులలోను తన వెదకుడు యంత్రమే మొదట నుండుటకై ఆ కంపెనీ 2021వ సంవత్సరమున ఇతరులకు చెల్లించినది 2,630 కోట్ల డాలర్లు. ఇష్టములేనివారు ఎట్లును మార్చుకొందురను మాట నిజమైనచో ఇంత ధనము పోయువాడు వెఱ్ఱివాడై యుండవలెను. వారు వెఱ్ఱివారు కారు. ముందుగ కూర్చున్నవాడు కూర్చున్నట్లే యుండుననియు, నూటికి పలువురు దానిని కదలింపరనియు వారికి మనకంటె బాగుగ తెలియును.

రెండవది: బ్రౌజరును తీసివేసినచో తక్కిన పనులు చెడును. ఇందులో సగము సత్యము కలదు. పుటలను చూపు యంత్రభాగమును ఇతర ఆప్‌లును వాడుకొనును. ఆండ్రాయిడులో దానిని వెబ్‌వ్యూ అందురు. దానిని ఉంచుడు, మాకు ఆక్షేపణ లేదు. ఇంజను వేరు, బండిపై కూర్చుండి పగ్గములు పట్టినవాడు వేరు. మేము తొలగింపుమనునది రెండవవానిని.

మూడవది: ఇది సాధ్యము కాదు. దీనికి సమాధానము ఐరోపాయే చెప్పినది. 2009 డిసెంబరులో మైక్రోసాఫ్టు ఐరోపా కమిషనునకు మాట యిచ్చి, వాడుకరి ముందు పలు బ్రౌజరులను వరుసగ పెట్టి కోరుకొనుమనెను. 2011 మే మొదలు 2012 జూలై వరకు ఆ వరుస కొన్ని కంప్యూటర్లలో కనబడలేదని 2013 మార్చి 6న 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా పడినది. 2024లో డిజిటల్ మార్కెట్ల చట్టము నిబంధనలు అమలులోనికి రాగా, ఆ దేశములలో విండోసు నుండి ఎడ్జ్ బ్రౌజరును తీసివేయుటకు మైక్రోసాఫ్టు వీలు కల్పించినది. ఆ యేడు డిసెంబరులో ఐఫోను నుండి సఫారీని తొలగించుటకు ఆపిల్ కంపెనీయు వీలిచ్చినది. కంపెనీలు అవే, సరకు అదే. బ్రస్సెల్సులో సాధ్యమైనది రాయచూరులో అసాధ్యమెట్లగును? కొదవ విద్యలో లేదు, చట్టములోనే కలదు.

అన్నిటినుండి తొలగించినచో క్రొత్త బ్రౌజరును దేనితో తెచ్చుకొందురని అడుగువారును కలరు. ఫోను మొదటిసారి తెఱచినప్పుడే నాలుగైదు పేర్లు చూపి, ఏది వలయునో అడుగుట చాలును.

ఈ సంగతి మన పత్రికలో ఏల యని కొందఱు పెద్దలు సందేహింపవచ్చును. తరతరములుగ ఈ గడ్డపై బ్రదుకుచున్న తెలుగువారికి ముందుగ నిర్ణయింపబడినదాని బలము వేరొకరు చెప్పనక్కఱలేదు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగి రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరిన యేటనే, బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నీయవలెనను 350ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. అడిగినవారికి అది హక్కు. అడుగనివారికి కాగితముపై వ్రాత. కన్నడ సోదరులతో మనకు తగవు లేదు, ఈ విషయమున వారి కష్టమును మన కష్టమును ఒక్కటే. కాని ఊరకున్నవానికి ఏది లభించునో దానిని నిర్ణయించువాడే అసలు యజమాని యను పాఠము మనకు అనుభవమున వచ్చినది.

స్వదేశీ బ్రౌజరు కావలెనని కేంద్రప్రభుత్వము 2023 ఆగస్టులో పోటీ పెట్టినది. 2025 మార్చిలో జోహో సంస్థకు ప్రథమ బహుమానముగ కోటి రూపాయలు ప్రకటించినది. సంతోషము. కాని పీఠమును ఖాళీచేయింపక క్రొత్తవానికి పట్టాభిషేకము చేసిన ఫలమేమి? రేపు ఆ స్వదేశీ బ్రౌజరునే తొలగింపరానిదిగ ఫోనులలో పెట్టినను మేము ఇదే కలముతో ఖండింతుము. మా పట్టుదల హక్కుపై గాని ఒక కంపెనీపై కాదు.

కావున మా కోరికలు మూడు. డిజిటల్ పోటీపై 2024 మార్చిలో ముసాయిదా బిల్లు వెలువరించిన కేంద్రప్రభుత్వము, ఏ చట్టము చేసినను తొలగించు హక్కును అందులో స్పష్టముగ వ్రాయవలెను. ఫోను మొదట తెఱచునప్పుడు బ్రౌజరు ఎంపిక పట్టిక తప్పనిసరి కావలెను. ఆ పట్టిక తెలుగు, కన్నడ మొదలైన భాషలలో నుండవలెను, ఆంగ్లములో అడిగి మన సమ్మతి పొందితిమనుట చెల్లదు.

అంతవరకు చదువరులు చేయదగినది కొంత కలదు. ఆండ్రాయిడు ఫోనులలో సామాన్యముగ సెట్టింగులలో ఆప్‌ల జాబితా తెఱచి, వేరొక బ్రౌజరును తెచ్చుకొని దానిని మొదటిదిగ నిర్ణయింపవచ్చును. కోరని దానిని పూర్తిగ తొలగింపలేకున్నను డిజేబుల్ చేయవచ్చును. ఇంటిలో కాలేజీ బిడ్డలున్నచో ఈ ఆదివారము తాతగారి ఫోను, అమ్మమ్మగారి ఫోను చేతబట్టి ఏది ఉంచవలెనని వారినే అడుగవలెను. వారు పాతదానినే ఉంచుమన్నచో ఉంచుడు. అప్పుడది వారు కోరి ఉంచుకొన్నదగును. అడిగిన తరువాత ఉండునది అతిథి, అడుగక ఉండునది ఆక్రమణ.