గుంత నిండితే గుబులే!

* నిర్మాణ లోపాలతో మూలనపడుతున్న మరుగుదొడ్లు
* చిన్నపాటి మరమ్మతులతోనే సరిదిద్దుకునే వీలు

వరంగల్: మరుగుదొడ్డి కట్టుకోవడం ఒక ఎత్తయితే, దానిని పదికాలాలపాటు వాడుకోవడం మరో ఎత్తు. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛభారత్ మిషన్ కింద గ్రామీణ కుటుంబాలకు ఒక్కో మరుగుదొడ్డికి రూ.12 వేల ప్రోత్సాహకం అందింది. దేశంలోని పల్లెలు బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైనట్లు 2019 అక్టోబరు 2న ప్రకటన వెలువడింది. అయితే లక్ష్యసాధన తొందరలో చాలాచోట్ల గోడలు, తలుపు, బేసిన్‌లకు దక్కిన శ్రద్ధ భూమిలోని గుంతకు దక్కలేదు. నీరు దిగడం లేదనో, దుర్వాసన వస్తోందనో తలుపునకు గొళ్లెం పెడితే ఇంట్లోని ఆడపిల్లలు, వృద్ధులు మళ్లీ చీకటిలో ఆరుబయటకు వెళ్లక తప్పదు.

లోపం ఎక్కడ?
బేసిన్‌లో నీరు నిలిచిపోగానే గుంత నిండిందని భావించడం పొరపాటు. ముందుగా వెనుకనున్న ఛాంబర్ మూత తీసి చూడాలి. నీరు నిలిచినా ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డంకి బేసిన్ కింది వంపు గొట్టంలో ఉన్నట్లే. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు, శానిటరీ ప్యాడ్లు ఇరుక్కోవడమే ఇందుకు ప్రధాన కారణం. వంగే కడ్డీతో వాటిని బయటకు లాగి, బకెట్ నీటిని ఒక్కసారిగా కుమ్మరిస్తే దారి తెరుచుకుంటుంది. ఛాంబర్ కూడా నిండి ఉంటే లోపం ఆవలి గొట్టంలోనో, గుంతలోనో ఉన్నట్లు గ్రహించాలి.

దుర్వాసనకు మూలం వేరు. వంపు గొట్టంలో నిలిచే కొద్దిపాటి నీరే గుంతలోని వాయువు లోనికి రాకుండా ఆపుతుంది. ఆ గొట్టం పగిలినా, అసలు అమర్చకపోయినా, వాడకం లేక నీరు ఆరిపోయినా వాసన తప్పదు. ఫ్లష్ ట్యాంకు ఉన్న ఇళ్లలో నీరు వృథా అవుతోందన్న అనుమానం కలిగితే ట్యాంకులో కాస్త రంగు కలపాలి. మీట నొక్కకుండానే ఆ రంగు కమోడ్‌లోకి దిగితే వాషర్ అరిగినట్లే.

రెండు గుంతల కిటుకు
జంట గుంతల విధానంలో ఒకటి నిండిన తర్వాతే రెండోది వాడకంలోకి రావాలి. కానీ కొందరు మేస్త్రీలు రెండు దారులనూ ఒకేసారి తెరిచి ఉంచడంతో రెండూ ఒకేసారి నిండుతున్నాయి. అడుగున సిమెంటు వేసినా, గోడలకు రంధ్రాలు వదలకపోయినా నీరు ఇంకదు. నల్లరేగడి నేలల్లో గుంత చుట్టూ ఇసుక నింపితే ఇంకుడు మెరుగవుతుంది. వాన నీరు చేరకుండా మూతను నేలకంటే ఎత్తులో ఉంచాలి. ఈ గుంతలకు గాలి గొట్టం అవసరం లేదు. వాయువు మట్టిలోనే కలిసిపోతుంది. మూసిన గుంతను ఏడాదిన్నర కదపకుండా వదిలితే మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. ఈ విషయంలో అపోహలు తొలగించేందుకు 2017 ఫిబ్రవరిలో నాటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో స్వయంగా గుంతలోకి దిగి ఎరువును తవ్వి తీశారు.

ప్రాణాలతో చెలగాటం
సెప్టిక్ ట్యాంకు సంగతి పూర్తిగా భిన్నం. అందులో మలం ఎరువు కాదు, బురదగా పేరుకుపోతుంది. రెండు మూడేళ్లకోసారి యంత్రంతో తీయించాలి. బయటకు వచ్చే మురుగునీటిని కాలువలోకి వదలకుండా ఇంకుడు గుంతకు మళ్లించాలి. ఖర్చుకు వెనుకాడి కూలీని దించడం ప్రాణాంతకం. ట్యాంకులోని విషవాయువులు క్షణాల్లో స్పృహ తప్పిస్తాయి. కాపాడబోయి దిగినవారూ బలైన ఉదంతాలు అనేకం. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇటువంటి పనిలో మరణించినవారి కుటుంబాలకు రూ.30 లక్షల పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పంచాయతీలు పూనుకుంటేనే..
ఒంటి గుంత మరుగుదొడ్లను జంట గుంతలుగా మార్చే ప్రచారాన్ని కేంద్రం 2022లో చేపట్టింది. ప్రచారంతోనే పని పూర్తికాదు. రెండో గుంత తవ్వుకునే స్తోమత పేద కుటుంబాలన్నింటికీ ఉండదు. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు, నీటి ట్యాంకర్లు సమకూరినా బురద తోడే యంత్రం వేరు. మండలానికి ఒకటైనా ఉంటే కూలీని దించే అవసరమే తలెత్తదు. మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడం, మూత వేయకముందే గుంతను తనిఖీ చేశాకే బిల్లు మంజూరు చేయడం తక్షణం జరగాలి. లేనిపక్షంలో రికార్డుల్లో మరుగుదొడ్డి మిగులుతుంది, ఇంటిల్లిపాదికీ మళ్లీ చెంబే దిక్కవుతుంది.