నాలుగో బొమ్మ కింద రాత మార్చండి



పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అన్న ఒకరు "పంటను పాడుచేసే పురుగులు" అని రాశారు. బొమ్మలు చాలా బాగా వేశారు. కాండం తొలిచే పురుగు, ఆకుముడత పురుగు, సుడిదోమ అచ్చం పొలంలో ఉన్నట్టే ఉన్నాయి. కాని నాలుగో బొమ్మ చిన్న సాలీడుది. దాని కింద కూడా "మందు చల్లి నివారించవలెను" అని ఉంది. అన్న మీద నాకు కోపం లేదు. ఆ మాట మాత్రం తప్పు అని నా అభిప్రాయం. అదే తప్పు మా ఇంట్లో నేనే చేశాను, కాబట్టి రాస్తున్నాను.

పోయినేడు దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయన నన్ను మడిలోకి తీసుకుపోయి వరి దుబ్బు విడదీసి చూపించాడు. నీళ్ళకు కొంచెం పైన, మొదళ్ళలో ఆవగింజంత చిన్నవి కదులుతున్నాయి. "దోమ పిల్లలేనా బిడ్డా?" అని అడిగాడు. నేను సరిగ్గా చూడకుండానే ఔనన్నాను. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. చదువుకున్న పిల్ల చెప్పింది గదా అని నాయన అప్పు మీద మందు డబ్బా తెచ్చి కొట్టాడు. మూడు వారాలకు మడి మధ్యలో గుండ్రంగా, చక్రాల్లాగా ఎండిపోయింది. అది సుడిదోమ పని. మందు కొట్టినా దోమ వచ్చింది, డబ్బా కల్తీది అని ఊళ్ళో అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఈ ఏడు మా ఊళ్ళో పొలంబడి పెట్టారు. రెండో శనివారం ఇంటికి పోయినప్పుడు నేనూ పోయి కూర్చున్నాను. వ్యవసాయ సారు దుబ్బును తట్టి, రాలినవాటిని తెల్ల పళ్ళెంలో పట్టి, నాకు భూతద్దం ఇచ్చాడు. దోమ పిల్లకు ఆరు కాళ్ళు, తల మీద రెండు చిన్న మీసాలు ఉన్నాయి. వేలు దగ్గర పెడితే టక్కున ఎగిరింది. రెండోదానికి ఎనిమిది కాళ్ళు, మీసాలు లేవు. ఎగరలేదు, మెల్లగా నడిచింది. పళ్ళెం ఎత్తితే దారం వదిలి వేలాడింది. పోయినేడు మా మడిలో నేను చూసినవి ఇవే. నాకు అక్కడే ఏడుపు వచ్చింది, కాని ఎవరికీ చెప్పలేదు.

ఇది పరదా అల్లే సాలీళ్ళ కుటుంబంలోది. ఆ కుటుంబాన్ని లినిఫియిడే అంటారు. ప్రపంచంలో ఇందులో 4,500కు పైగా జాతులు ఉన్నాయి. చాలావరకు మరీ చిన్నవి. చక్రంలాగా ఉండే గూడు కాదు వీటిది. పలచటి గుడ్డ పరిచినట్టు అడ్డంగా అల్లి, దాని కింద తలకిందులుగా వేలాడతాయి. పైన పడిన జీవిని కింద నుంచే పట్టుకుంటాయి. వరి మొదళ్ళలో ఉండేది పెద్దదయినా 2, 3 మిల్లీమీటర్లే. పొట్ట మీద మూడు జతల బూడిదరంగు మచ్చలు. ఫిలిప్పీన్స్ లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు 1987లో వేసిన పుస్తకంలో దీని గురించి ఉంది. ఒక దుబ్బులో 30, 40 కూడా ఉంటాయట. ఒక్కొక్కటి రోజుకు నాలుగైదు దోమ పిల్లలను తింటుందట.

ఇప్పుడు లెక్క చూడండి. సుడిదోమ తన గుడ్లను వరి తొడుగు లోపల పెడుతుంది, మందు వాటికి సరిగా తగలదు. మందు తగిలి చచ్చేది సాలీడు. గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి తినేవాళ్ళు ఎవరూ ఉండరు. మా మడిలో జరిగింది ఇదే. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. ఇండోనేసియా దేశంలో ఇలాగే మందు కొట్టేకొద్దీ సుడిదోమ పెరిగితే, 1986లో అక్కడి ప్రభుత్వం వరికి 57 రకాల మందులు వాడకూడదని నిషేధించింది.

తెలుగులో దీన్ని సాలెపురుగు అంటాం. సాలె అంటే బట్ట నేసేవాళ్ళు, ఆ సగం పేరు బాగుంది. వెనక ఉన్న పురుగు అనే మాటే దాని ప్రాణం మీదికి వచ్చిందని నాకు అనిపిస్తుంది. పురుగు అంటే పురుగుమందు గుర్తొస్తుంది గదా. వ్యవసాయ సారు తెచ్చిన చార్టులో కూడా "మిత్ర పురుగులు" అనే ఉంది! మనమైనా సాలీడు అని రాద్దాం.

శాస్త్రీయ నామం సంగతి కూడా చెప్పాలి. జపాన్ శాస్త్రజ్ఞుడు ఓయి 1977లో దీనికి కాలిట్రికియా ఫార్మోసానా అని పేరు పెట్టాడు. ఫార్మోసా అంటే తైవాన్ దీవికి పాత పేరు. తరువాత దీన్ని అటైపీనా అనే ప్రజాతిలోకి మార్చారు, కాబట్టి పుస్తకాల్లో రెండు పేర్లూ కనబడతాయి. మొదట చదివితే నాకు అర్థం కాలేదు. మా అక్కకు పెళ్ళయినాక ఇంటిపేరు మారింది, పేరు మారలేదు. ఇదీ అంతే. ముందు మాట మారింది, ఫార్మోసానా ఉండిపోయింది.

అన్న బొమ్మ కింద ఈ పేరు రాద్దామని మా క్లాసు అమ్మాయిలు అన్నారు. నేను వద్దన్నాను. నేను చూసింది ఆ జాతే అని నాకు ఎట్లా తెలుసు? సాలీడు ముఖం పక్కన రెండు చిన్న చేతుల్లాంటివి ఉంటాయి. ఎదిగిన మగదానికి వాటి కొసలు గుబ్బల్లాగా ఉబ్బి ఉంటాయి. ఆ గుబ్బల్లోని ముళ్ళు, వంకరలు ఒక్కో జాతికి ఒక్కో రకం. ఆడదానికైతే పొట్ట కింద చిన్న పలకలాంటిది చూడాలి. ఇవన్నీ సూక్ష్మదర్శినిలోనే తెలుస్తాయి. ఇంకా ఎదగని పిల్లయితే ఈ గుర్తులు ఉండవు. వేరే సాలీళ్ళ పిల్లలు కూడా చూడటానికి ఇట్లాగే ఉంటాయి. గూడు చూసి చెప్దామన్నా కుదరదు. పొద్దున మంచులో గట్ల మీద తెల్లగా పరిచినట్టుండి, ఒక మూల గొట్టంలాగా బొక్క ఉండేది హిప్పాసా అనే సాలీడు గూడు. అది తోడేలు సాలీళ్ళ కుటుంబం, వేరే. ఒకసారి చూడకుండా ఔనని చెప్పి మా నాయనకు నష్టం తెచ్చాను. ఇంకోసారి చూడకుండా పేరు రాయను.

సాలీడు పాకితే పొక్కులు వస్తాయని హాస్టల్లో చాలామంది భయపెడతారు. ఆవగింజంత దానికి అంత భయం ఎందుకో! నా చేతి మీద అది నడిచింది, ఏమీ కాలేదు.

సార్లకు నాదొక మనవి. మన ల్యాబు బీరువాలో సూక్ష్మదర్శిని ఉంది. పగిలిపోతుందని తాళం వేసి ఉంచుతున్నారు. వారానికి ఒక గంట సారు ముందరే చూస్తాం, ఇప్పించండి. అన్నకు కూడా మనవి. నాలుగో బొమ్మను చింపవద్దు, చాలా బాగుంది. దాని కింద రాత మాత్రం కొట్టేసి "పరదా అల్లే సాలీడు, లినిఫియిడే కుటుంబం, దోమ పిల్లలను తింటుంది" అని రాస్తే చాలు.

ఈ దసరాకు మా మడిలో పది దుబ్బులు విడదీసి, దోమలెన్ని, సాలీళ్ళెన్ని అని లెక్క రాస్తాను. పోయినేటి డబ్బా అప్పు ఇంకా తీరలేదు, కాబట్టి లెక్క అయ్యేదాకా మందు తేవద్దని నాయనకు చెప్పాను, సరేనన్నాడు. మీ ఊళ్ళలో వరి ఉన్నవాళ్ళు కూడా పది దుబ్బులు లెక్కపెట్టి కాగితం మీద రాసి తెండి. సెలవుల తరువాత సంచికలో అన్ని ఊళ్ళవీ కలిపి వేద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని