టిఫిను బండికి కరెంటు: కొనుటకు ముందు లెక్క

మన కుటుంబాల యువకులలో కొందరు ఇటీవల మోటారు టిఫిను బండ్లు పెట్టుచున్నారు. చిన్న సరుకు బండి నొకదానిని కొని, దానిపై రేకుల గది కట్టించి, సాయంకాలవేళ ఇడ్లీ, దోశె, నూడుల్సు అమ్ముకొని సంసారాలు నడుపుకొనుచున్నారు. దీనికి మేము సంతోషించుచున్నాము. అంగడికి అడ్వాన్సు ఇచ్చుకొనలేనివానికి చక్రాల అంగడి మంచి ఆధారము. అయితే ఈ బండ్లకు కరెంటు ఏర్పాటు చేసుకొను పద్ధతి మాత్రము మాకు సమ్మతముగా లేదు. ముందు జనరేటరు కొని, పిదప లెక్క వేయుచున్నారు. ముందు లెక్క వేసినచో పెక్కుమందికి జనరేటరుతో పనియే ఉండదని మా అభిప్రాయము.

మేము ఇంజనీర్లము కాము, కిరాణా వర్తకులము. బండ్లవారికి బియ్యము, మినపప్పు, నూనె అరువిచ్చువారము గనుక వారి లాభనష్టాలు మా ఖాతా పుస్తకాలలోనే కానవచ్చును. అమ్మకము బాగుగా ఉండియు బాకీ తీర్చలేని వారిని పిలిచి విచారించినపుడు, ఆ సొమ్ము పెట్రోలు బంకుకు చేరినదని పలుమారు తేలినది.

మా పేటలోని ఒక యువకుని సంగతి చెప్పెదము. తల్లి నగలు కుదువపెట్టి బండి కొన్నాడు. బండి కట్టినవారు “గ్యాసు బాధ ఎందుకు, అంతయు కరెంటుతోనే పెట్టుకొమ్ము” అని చెప్పి, 3,000 వాట్ల దోశె పెనము, 2,000 వాట్ల ఇడ్లీ ఆవిరి పెట్టె, ఫ్రిజ్జు, మిక్సీ అమర్చి, 5 కె.వి.ఏ. పెట్రోలు జనరేటరు నొకదానిని అంటగట్టినారు. 5 కె.వి.ఏ. అనగా 5,000 వాట్లని అతడు తలచినాడు. సాధారణముగా కె.వి.ఏ.ను 0.8 చేత గుణించిన గాని కిలోవాట్లు రావు. అనగా అతని చేతికి వచ్చినవి 4,000 వాట్లు. పెనము, ఆవిరి పెట్టె రెండే 5,000 వాట్లు కోరుచున్నవి. ఒకటి వెలిగించినపుడు మరొకటి ఆర్పుకొనుచు, గిరాకీ ఉన్న వేళనే దోశెలు ఆలస్యమై, రోజుకు ఆరేడు లీటర్ల పెట్రోలు పోసి, చుట్టుప్రక్కల ఇండ్లవారిచేత చప్పుడుకు చీవాట్లు తిని, తుదకు జనరేటరును సగము ధరకు అమ్మివేసినాడు. నగలు ఇంకను తాకట్టులోనే ఉన్నవి.

దీనిలో కిటుకేమియు లేదు. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్ల వేడి కలదు. చిన్న జనరేటరు అందులో ఒకటిన్నర, మహా అయిన రెండు యూనిట్లను మాత్రమే కరెంటుగా ఇచ్చును. మిగిలినది పొగలోను, చప్పుడులోను, ఇంజను వేడిలోను పోవును. అట్లు తీసిన కరెంటును పెనములో మరల వేడిగా మార్చుచున్నాము! కిలో వంటగ్యాసులో పన్నెండు యూనిట్లకు పైగా వేడి ఉన్నది. పొయ్యిమీద సగము వృథా అయినను ఆరు యూనిట్లు పెనమునకు చేరును. ఆ యువకుడు ఆరేడు లీటర్ల పెట్రోలుతో చేసిన పని రెండు కిలోల గ్యాసుతో జరిగియుండెడిది. మీ ఊరి ధరలతో గుణించి చూచుకొనుడు. కావున వేడి పుట్టించు పనులన్నియు గ్యాసుకే విడువవలెను. తిప్పుటకు, చల్లబరచుటకు, వెలుతురుకు మాత్రమే కరెంటు వాడవలెను.

అట్లు విడదీసినచో కరెంటు అవసరము ఎంత చిన్నదగునో చూడుడు. సాయంకాలము అయిదు గంటలపాటు అమ్మకము చేయు బండి ననుకొందము. ఆరు ఎల్.ఇ.డి. దీపాలు 60 వాట్లు, పొగ లాగు ఫ్యాను 60 వాట్లు, బిల్లు యంత్రము, సెల్‌ఫోను కలిపి 20 వాట్లు. ఈ మూడింటికి అయిదు గంటలకు 0.7 యూనిట్. 750 వాట్ల మిక్సీ అంతా కలిపి అరగంట తిరిగిన 0.4. ఫ్రిజ్జు 150 వాట్లది. అది ఎల్లవేళల తిరుగదు, ఆగి ఆగి తిరుగును గనుక దారిలోని వేళతో కూడ కలిపి 0.6. మొత్తము 1.7 యూనిట్లు. ఇన్వర్టరులో పోవు నష్టముతో రెండు యూనిట్లనుకొనవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల?

రెండు యూనిట్లే గదా యని బొత్తిగా చిన్న ఇన్వర్టరు కొనరాదు. యూనిట్ల లెక్క వేరు, ఒక్కక్షణములో కావలసిన వాట్ల లెక్క వేరు. సోలాపురములో మరమగ్గాలు నడిపిన మన ఇండ్ల పెద్దలకు ఇది బాగుగా తెలియును: మోటారు కదలునపుడు తీసికొను కరెంటు, తిరుగునపుడు తీసికొనుదానికి అయిదారు రెట్లుండును. ఫ్రిజ్జులోనిదియు మోటారే. పై వస్తువులన్నియు ఒకేసారి నడిచిన సుమారు 1,050 వాట్లు. ఆ సమయముననే ఫ్రిజ్జు మొదలైనచో ఒక క్షణము 1,700 వరకు పోవచ్చును. కావున 2 కె.వి.ఏ. ఇన్వర్టరు తగును. అది శుద్ధమైన సైన్‌వేవ్ ఇచ్చునదై ఉండవలెను. చౌకరకపు స్క్వేర్‌వేవ్ పెట్టెలతో మోటార్లు రొద చేయుచు వేడెక్కి త్వరగా చెడును.

బ్యాటరీ విషయములో తూకము కూడ చూడవలెను. ఇండ్లలో వాడు 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల ఆసిడ్ బ్యాటరీలో పేరుకు 1.8 యూనిట్లున్నను, పదికాలాలు మన్నవలెనన్నచో సగమే వాడుకొనవలెను. మన రెండు యూనిట్లకు కొంత మిగులు ఉంచుకొన్న అట్టివి నాలుగు కావలెను. ఒక్కొక్కటి యాభై కిలోలకు తక్కువ ఉండదు. చిన్న బండిపై రెండు వందల కిలోల సీసము మోయుట కంటె 24 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ నొకటి పెట్టుట మేలు. దానిలో 3.6 యూనిట్లకు పైగా ఉన్నవి; అయిదింట నాలుగు వంతులు నిర్భయముగా వాడవచ్చును; బరువు చాల తక్కువ. ధర ఎక్కువయే. అయినను సంవత్సరాల తరబడి పనిచేయుదానికి పెట్టిన సొమ్మును, నిత్యము కాల్చు పెట్రోలుతో పోల్చి చూడవలెను గాని ఆసిడ్ బ్యాటరీ ధరతో కాదు. పైకప్పున సూర్యపలక పెట్టినచో కొంత తోడుపడును. చిన్న బండి పైకప్పుమీద ఒక పెద్ద పలక పట్టుటయే కష్టము గనుక దానినే నమ్ముకొనరాదు.

అంతయు కరెంటుతో నడుపుట ఎన్నడును తప్పని మేము చెప్పుట లేదు. కంపెనీ ఆవరణలోనో, ప్రదర్శన మైదానములోనో బండి ఒకేచోట నిలిచి, స్థలము వారు న్యాయముగా కరెంటు ఇచ్చినచో, లేక గ్యాసు నిషేధించినచో, ఆ మార్గమే తగును. అప్పుడును లెక్క తప్పదు. మన 230 వోల్టుల కరెంటులో 16 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 3,700 వాట్లకు మించి ఇయ్యలేదు. అంతకు మించినచో 32 ఆంపియర్ల ప్లగ్గు, ఇంకను మించినచో త్రీఫేజు కోరవలెను. తీగ లావు చూడవలెను: 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 50 మీటర్లు లాగి 3,000 వాట్లు వాడిన, దారిలోనే 15 వోల్టులకు పైగా పోవును. తీగను చుట్టగా ఉంచి వాడినచో చుట్టయే కాలును.

ఇంటి మీటరునుండి తీగ లాగి వ్యాపారము చేయువారు 2003 నాటి విద్యుత్ చట్టములోని 126వ సెక్షను తెలిసికొనవలెను. అనుమతించిన పనికి గాక వేరుపనికి కరెంటు వాడినట్లు తేలినచో రెట్టింపు రేటున లెక్క కట్టుదురు. వీధి స్తంభమునకు కొక్కెము తగిలించుట 135వ సెక్షను ప్రకారము దొంగతనమే. మూడేండ్ల వరకు జైలు ఉండవచ్చును. పిండి రుబ్బుకొను చోటనే స్వంత పేర చిన్న వాణిజ్య మీటరు తీసికొన్నచో గ్రైండరు, బ్యాటరీ చార్జింగు రెండును అచ్చటనే జరుగును. ఆ యూనిట్ వెల, పెట్రోలు జనరేటరుతో పడు యాభై అరువది రూపాయలలో చిన్న భాగమే.

ఇక భద్రత. బండి రేకు, నేల తడి, చేతులు తడి. కావున 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేని బండిలో మన పిల్లలను నిలువబెట్టరాదు. దాని వెల ఎంత యని అడుగువారున్నారు. అడుగవలసిన ప్రశ్న అది కాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలపై పరచుకొనును; కావున గాలి కన్నాలు నేలమట్టమున కూడ ఉండవలెను. జనరేటరు వాడక తప్పనివారు దానిని బండిలోపల ఎన్నడును నడుపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు.

జనరేటరుకు కూడ వేళ కలదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గర తీరము దాటినపుడు బరంపురము, గంజాము ప్రాంతములో కరెంటు లేక ప్రజలు పడిన ఇక్కట్లు అచ్చటి మనవారు మరువలేదు. చార్జింగుకే కరెంటు లేనిచోట బ్యాటరీ ఏమి చేయగలదు? సముద్రతీరపు ఊళ్లవారు చిన్న జనరేటరు నొకదానిని అద్దెకో, నలుగురు కలిసి ఉమ్మడిగానో ఉంచుకొనుట న్యాయమే.

మా ప్రతిపాదన యొకటి. బండి కొరకు మన సంఘపు నిధినుండి చేబదులు కోరువారు, కొటేషనుతోపాటు కరెంటు లెక్క కాగితము కూడ జతపరచవలెను. ఒక్కొక్క వస్తువు పేరు, వాట్లు, రోజుకు ఎన్ని గంటలు, ఒకేసారి ఏవేవి నడుచును, ఇంతే. ఇది యువకులకు అడ్డంకి యని కొందరు అందురు. నగలు కుదువబెట్టు తల్లికి ఇది అడ్డంకి కాదు. విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు మన అన్ని ఊళ్లలోను ఉన్నారు. నెలకు ఒక ఆదివారము వారు సంఘ కార్యాలయములో కూర్చుండి ఆ కాగితాలు చూచిపెట్టినచో చాలును. అట్లు కూర్చుండగలవారు తమ పేర్లను తమ ఊరి కార్యదర్శికి ఇయ్యగోరుచున్నాము.