లీటరుకో రూపాయి కడుతున్నాం, మా రోడ్డు ఏదీ?

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత ప్రజలారా! ఆటో, లారీ, ట్రాక్టరు సోదరులారా! పొగాకు రైతులారా! రోజూ బస్సెక్కే విద్యార్థులారా!

అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు ముగింపుకొచ్చాయి. ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు రూ.3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. అందులో రవాణా, రోడ్లు, భవనాల శాఖకు రూ.8,785 కోట్లు చూపారు. ద్రవ్య వినిమయ బిల్లు పాసైతే సభ లేచిపోతుంది. ఏప్రిల్ 1 నుంచి ఖర్చు మొదలవుతుంది. అందులో మన రోడ్లకు ఏం రాబోతోందో సభ లేవకముందే తేలాలి.

బంకు దగ్గర మనం కడుతున్నది

రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం, డీజిలు మీద 22.25 శాతం వ్యాట్. దాని పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్. అది చాలక 2020 సెప్టెంబరు నుంచి లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు గనక వీటిని వేసేదీ తగ్గించేదీ రాష్ట్రమే.

వింజమూరు నుంచి ఉదయగిరికి ఆటో తోలే మనిషి రోజుకు ఐదు లీటర్ల డీజిలు పోయించుకుంటే రోడ్డు పేరు మీదే ఐదు రూపాయలు పోతాయి. ఏడాదికి రూ.1,825. అదే మనిషి గుంతల్లో పగిలిన టైరుకూ, పోయిన షాకబ్జార్లకూ మళ్లీ జేబులోంచే పెట్టుకుంటున్నాడు.

ఈ సెస్సు రోడ్డు అభివృద్ధి సంస్థకు చేరుతుంది. దాన్నే హామీగా చూపి గత ప్రభుత్వం రోడ్ల మరమ్మతులకని రూ.2,000 కోట్ల బ్యాంకు అప్పు తెచ్చింది. అంటే రేపు పోయించుకోబోయే డీజిలు మీది రూపాయి కూడా నిన్ననే తాకట్టులోకి పోయింది. ఇప్పటి ప్రభుత్వం 2024 నవంబరులో గుంతలు పూడ్చే పని మొదలుపెట్టింది. సంతోషం. కానీ అడుగు నుంచి పోయిన రోడ్డుకు అతుకు నిలవదు.

ఈ రోడ్ల మీద నడిచేది మన బతుకు

డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు పొగాకు తోలే కాలమిది. రైతు ఇల్లాలు ఆకు ఆకూ చూసి గ్రేడు చేసింది. బేలు కుట్టి ట్రాక్టరులో ఎక్కించారు. గుంత గుంతకూ తాడు సడలుతుంది, కింది బేలు నలుగుతుంది, ఆకు విరుగుతుంది. విరిగిన ఆకుకు ధర తెగిపోతుంది. ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సరుకు బయటి ఊళ్లకు పోవాల్సిందీ ఈ దారినే. నెలలు నిండిన బిడ్డను కాన్పుకు ఉదయగిరి నుంచి నెల్లూరుకు తీసుకెళ్లాలంటే దాదాపు వంద కిలోమీటర్లు.

రైలు సంగతీ ఇంతే. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి మార్గం 2011-12లో మంజూరైంది. వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు మీదుగా రావాలి. సగం ఖర్చుతో పాటు భూమి కూడా రాష్ట్రం ఇవ్వాలన్నది ఒప్పందం. పల్నాడులో పట్టాలు పడ్డాయి. మన ఊళ్లకు రైలు ఇంకా రాలేదు.

మన ఎమ్మెల్యేలకు మన మాట

ఆనం రామనారాయణరెడ్డి గారూ! మీరు ఉమ్మడి రాష్ట్రానికి ఆర్థిక మంత్రిగా బడ్జెట్లు పెట్టినవారు, ఇప్పుడు మంత్రివర్గంలో ఉన్నారు. ఏ పద్దు ఎక్కడ కదులుతుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాకర్ల సురేష్ గారూ! తొలిసారి మిమ్మల్ని సభకు పంపాం. రోడ్లు, భవనాల మంత్రి బీసీ జనార్దన్‌రెడ్డి గారి చేత సభలోనే చెప్పించండి:

1. 2020 నుంచి సెస్సు ఎంత వసూలైంది, అప్పుకు ఎంత పోయింది, మన 14 మండలాలకు ఎంత వచ్చింది?
2. ఈ ఏడాది మన రెండు నియోజకవర్గాల్లో ఏ రోడ్లు వేస్తారు? పేరుపేరునా చెప్పాలి.
3. రైలు మార్గానికి రాష్ట్ర వాటా, భూసేకరణ సొమ్ము ఎప్పుడిస్తారు?

శిలాఫలకం దగ్గర చెప్పిన మాట గాలికి పోవచ్చు. సభలో మంత్రి ఇచ్చిన హామీ రికార్డుకెక్కుతుంది. అది నెరవేరిందా అని శాసనసభ హామీల కమిటీ అడుగుతుంది. మన తొందరంతా అందుకే.

కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. సైన్యం నడవడానికి కొండలు తొలిచి, బండలు పగలగొట్టి బాట వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ రోజుల్లోనే బండను పిండి చేసి బాట వేసిన గడ్డ ఇది. ఇన్ని యంత్రాలున్న కాలంలో బడికీ ఆసుపత్రికీ దారి లేదంటే మనం ఒప్పుకోం.

కదలి రండి!

మార్చి 16, ఆదివారం ఉదయం 9 గంటలకు ఉదయగిరి, ఆత్మకూరు ఆర్టీసీ బస్టాండ్ల దగ్గర కలుద్దాం. ప్రతి ఊరి నుంచీ ఒక కాగితం తెండి. పాడైన రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఆర్ అండ్ బీదా పంచాయతీరాజ్‌దా, అన్నీ రాయండి. ఇంట్లో ఉన్న బంకు రసీదులన్నీ వెంట తెండి. అక్కడే కూర్చుని లీటర్లు కూడుదాం. లీటరుకో రూపాయి చొప్పున మనం కట్టిందెంతో మన చేత్తోనే లెక్క తేల్చి, సంతకాలతో మన ఎమ్మెల్యేలిద్దరికీ పంపుదాం.

మా సెస్సు మా రోడ్డుకే!
సభ లేవకముందే హామీ ఇవ్వాలి!

ఇట్లు,
ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత ప్రజలు
మార్చి 2025

(చదివి పక్కవారికి ఇవ్వండి.)