ఏ రైల్వేకూ చెందని ఇంజను

కుమారుడు రైలు ఇంజన్ల నమూనాలు తయారు చేస్తూ కాలం గడుపుతుంటే తండ్రి దానిని ఆపించవచ్చునా? ఎచ్చెర్లకు చెందిన ఒక సోదరుడు ఈ ప్రశ్నను మా ముందుంచారు. ఆయన దర్జీ. అబ్బాయి పదవ తరగతి పూర్తి చేశాడు. ఊరి దగ్గరే ఉన్న ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందని ఇంటిల్లిపాదీ ఆశించారు, రాలేదు. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు గాని, కళాశాల నుంచి వచ్చింది మొదలు గుజరీ కొట్టు నుంచి తెచ్చుకున్న తుక్కు సామాను ముందు కూర్చుంటున్నాడు. ఒకనాడు తండ్రి ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటి నుంచి మూడు వారాలుగా కుమారుడు సలాముకు జవాబు చెప్పడం తప్ప తండ్రితో మరో మాట మాట్లాడడం లేదు.

ఇది ప్రతిమలు చేయడం కిందికి వస్తుందేమోనన్న భయం ఆ సోదరునికి ఉంది. వ్యర్థ కాలక్షేపం కదా అన్న బాధ కూడా ఉంది. కాని ఆయనను నిజంగా కలచివేస్తున్నది ఈ రెండూ కాదని మాకు తరువాతి మాటతో అర్థమైంది. "మౌలానా సాబ్, అది అసలైన ఇంజను నమూనా కూడా కాదు. అలాంటి ఇంజను ఏ రైల్వేలోనూ లేదట, వాడే చెప్పాడు. ఉన్నదాన్ని చూసి చేస్తే ఏదో నేర్చుకుంటున్నాడని సరిపెట్టుకుందును. లేనిదాన్ని చేయడం ఏమిటి?"

ప్రతిమల సంగతి మొదట చెప్పుకుందాము. బొమ్మలు వేసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, చేయక తప్పదనుకుంటే చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ చేసుకొమ్మని ఆయన సూచించిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఇంజనుకు ప్రాణం లేదు. ఇక కాలక్షేపం విషయం: నమాజు వేళలు తప్పనంత వరకు, చదువుకూ ఇంటి ఖర్చుకూ గండి పడనంత వరకు, జూదమూ దుబారా లేనంత వరకు ఇలాంటి పని ధర్మసమ్మతమైన వినోదాల్లోకే వస్తుంది. ఇతరులు పారవేసిన సామానుతో చేసే పనిని దుబారా అని ఎలా అనగలము? సామాను సొంతదై ఉండాలి, లేదా అడిగి తీసుకున్నదై ఉండాలి. పక్కింటివారి పాత టేపురికార్డరును చెప్పకుండా విప్పితే మాత్రం అది వేరే మసలా.

లేని ఇంజనును చేయడమేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ విద్యను గురించి కొంత తెలిసి ఉండాలి. నమూనా రైళ్ళు చేసేవారిలో కొందరు ఉన్న ఇంజనును కొలతలు తీసి, అచ్చంగా దానినే చిన్నదిగా చేస్తారు. మరికొందరు తమ మనస్సులో ఒక రైల్వేను ఊహించుకొని, ఆ మార్గానికి ఎలాంటి ఇంజను అవసరమో ఆలోచించి, చేతికందిన విడిభాగాలతో దానిని కడతారు. దీనిని ఫ్రీలాన్స్ నమూనా అంటారు. ఇది పిల్లల తోచుబాటు కాదు. ఇంగ్లండులో జాన్ అహెర్న్ అనే ఆయన గత శతాబ్దంలో మ్యాడర్ వ్యాలీ అనే ఊహా రైల్వేను నిర్మించారు. అది నేటికీ పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇంకొక ఉదాహరణ మన ఇళ్ళలోని పిల్లలకు టీవీ ద్వారా తెలిసినదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విల్బర్ట్ ఆడ్రీ అనే ఒక క్రైస్తవ మతాచార్యుడు తన కొడుకు క్రిస్టఫర్ కోసం చీపురు కర్రతోనూ చెక్క ముక్కలతోనూ ఇంజను బొమ్మ చేశాడు. కొడుకు పెద్ద ఇంజను కావాలన్నాడు. అది చేయడం కష్టమైంది. అందువల్ల చిన్న ట్యాంకు ఇంజను ఒకటి చేసి ఇచ్చాడు. ఆ చిన్న ఇంజనే థామస్. (ఇంజనుకు కళ్ళూ ముక్కూ తగిలించడం మాకు నచ్చదు. అది వేరే మాట.)

మేము అబ్బాయి చేసిన ఇంజనును చూడాలని వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి తాళం తీశారు. అబ్బాయి మాతో మొదట ముక్తసరిగా మాట్లాడాడు. ఇది ఏ మార్గంలో నడిచే ఇంజను బేటా, అని అడిగిన తరువాత మాత్రం ఆగలేదు.

మన జిల్లాలోని నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన చిన్న రైలు మార్గం 1900లో ప్రారంభమైంది. తరువాత దానిని గుణుపూర్ వరకు పొడిగించారు. నేటి బ్రాడ్‌గేజిలో పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. కాగా, ఆ మార్గంలో 762 మి.మీ. మాత్రమే. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. 2011 నాటికి గుణుపూర్ వరకు బ్రాడ్‌గేజి వచ్చింది. అబ్బాయి వాళ్ళ దాదా ఆ బండి ఎక్కినవారు. ఎచ్చెర్లవారు రైలెక్కాలంటే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకో, పొందూరుకో వెళ్ళాలి. పొందూరు నుంచి ఎచ్చెర్ల మీదుగా కళింగపట్నం రేవు వరకు అలాంటి చిన్న రైలు ఒకటి ఉండి ఉంటే దానిని లాగే ఇంజను ఎలా ఉండేది? ఇదీ ఆ అబ్బాయి వేసుకున్న ప్రశ్న. మలుపులు ఎక్కువ కనుక పొడవు తక్కువ. పట్టాలు తేలిక కనుక బరువు తక్కువ. అందువల్ల ఆరు చక్రాల పొట్టి ఇంజను.

అసలును 87వ వంతుకు తగ్గించడం నమూనాల్లో వాడుకలో ఉన్న పద్ధతి. 762ను 87తో భాగిస్తే 9 మి.మీ.కు కొద్దిగా తక్కువ వస్తుంది. 9 మి.మీ. పట్టాలు ఎన్ గేజి అనే మరో రకం నమూనాల కోసం బజారులో దొరుకుతాయి. అబ్బాయి వాటిని ఈదీ డబ్బుతో తెప్పించుకున్నాడు. మోటారు కాలిపోయిన పాత ఎన్ గేజి ఇంజను అడుగుభాగం ఒకటి చౌకగా సంపాదించాడు. పాత సీడీ డ్రైవులో లేజరు కన్నును జరిపే చిన్న మోటారును దానికి అమర్చాడు. బాయిలరు వాడని 5 మి.లీ. సిరంజి గొట్టం. పొగగొట్టం పెన్ను మూత. డ్రైవరు గది నూనె డబ్బా రేకు. ఆ గది కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది; మోటారు అంతకంటే తక్కువ ఎత్తులో పట్టదట. ఇంజను తేలికై చక్రాలు జారుతుంటే బెస్తవారు వలలకు కట్టే సీసపు గుళ్ళను బాయిలరులో నింపాడు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకడం చూసిన ప్రాంతం వారికి ఇది వింతగా తోచకూడదు.

వేగం విషయంలో అతడు వేసిన లెక్క మాకు ఎంతో నచ్చింది. చిన్న రైలు గంటకు 25 కి.మీ. వేగంతో పోతుందనుకుంటే, 87వ వంతు లెక్కన నమూనా సెకనుకు 80 మి.మీ. కదలాలి. 9 మి.మీ. వ్యాసం గల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 28 మి.మీ. పోతుంది. అంటే సెకనుకు మూడు చుట్లకు కొద్దిగా తక్కువ. మోటారు సెకనుకు 100 చుట్లు తిరిగితే వేగాన్ని 35 వంతులకు తగ్గించాలి. అతనికి దొరికినది 30 పళ్ళ గేరు. "మా బండి గంటకు 30 కిలోమీటర్లు పోతుంది సాబ్, అంతే తేడా" అన్నాడు.

కాని ఆ బండి సరిగ్గా నడవడం లేదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకచోట బిగుసుకొని, మూలిగి, మళ్ళీ కదులుతోంది. కుంటి గుర్రంలా ఉంది. కారణం ఏమిటంటే, ఆవిరి ఇంజనుకు ఇరువైపులా చక్రాలను కలిపే కడ్డీలు ఉంటాయి. పిస్టను తన దారి చివరికి చేరిన క్షణంలో ఆ వైపు తోసే బలం ఉండదు. అప్పుడు రెండవ వైపు పిస్టను ఆదుకోవాలి. అందుకే కుడివైపు కడ్డీ మేకు కిందికి ఉన్నప్పుడు ఎడమవైపుది పక్కకు ఉండేలా, 90 డిగ్రీల తేడాతో చక్రాలను బిగిస్తారు. అన్ని ఇరుసులకూ అదే కోణం ఉండాలి. ఒకదానికి 90, పక్కదానికి 80 ఉంటే కడ్డీలు పట్టేస్తాయి. గేరు మార్చడానికి అబ్బాయి చక్రాలను ఊడదీశాడు. తిరిగి అందాజుగా బిగించాడు.

ఇక్కడ మాకు సబా సూరాలోని హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ప్రస్తావన జ్ఞాపకం వచ్చింది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమనీ, కడియాల కూర్పులో కొలత పాటించమనీ ఆదేశించాడు. దీనిని వివరిస్తూ ముజాహిద్ (రహ్మ) వంటి వ్యాఖ్యాతలు మేకు సన్నమైతే కడియంలో వదులుగా ఊగుతుందని, లావైతే కడియాన్ని చీల్చుతుందని చెప్పారు. ప్రవక్త చేతి పనికి కూడా కొలత నియమం వర్తించింది. ఊహలో పుట్టిన రైల్వేకు ఏ రంగు వేసినా, ఏ పేరు పెట్టినా అడిగేవారు లేరు. కడ్డీ రంధ్రాల మధ్య దూరం మాత్రం ఇరుసుల మధ్య దూరానికి సమానంగా ఉండి తీరాలి. అక్కడ ఊహ చెల్లదు.

మేము తండ్రిని ఒక మాట అడిగాము. "భాయ్ సాబ్, మీరు నిన్న కుట్టిన కుర్తా ఏ కుర్తాకు నకలు?" ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నారు. "నకలు కాదు. మనిషి కొలత" అన్నారు. కాలరు ఇష్టం వచ్చినట్లు పెట్టవచ్చును గాని చంక కొలత, చేతి కొలత కలవకపోతే ఏ కాలరూ ఆ కుర్తాను కాపాడదన్న సంగతి ఆయనకు మేము చెప్పనవసరం లేకపోయింది. ఆయన లేచి వెళ్ళి, గుడ్డ కత్తిరించేటప్పుడు వాడే ఎల్ స్కేలు తెచ్చారు. దాని మూలను పట్టి అట్టముక్కను లంబకోణంలో కత్తిరించి కొడుకు ముందు పెట్టారు. "మొదటి ఇరుసు దీనికి ఆనించి చూడు" అన్నారు. అబ్బాయి "సరే అబ్బా" అన్నాడు. ఆ సాయంత్రం రెండు ఇరుసులు కుదిరాయి, మూడవది కుదరలేదు. మేము మగ్రిబ్‌కు లేచి వచ్చేశాము.

ఈ అబ్బాయి రేపు ఇంజనీరవుతాడని మేము హామీ ఇవ్వడం లేదు. ఉద్యోగం తెచ్చిపెడుతుందంటేనే పిల్లల ఆటను అనుమతించే తల్లిదండ్రుల తీరు కూడా మాకు సమ్మతం కాదు. సీటు రాని సంవత్సరంలో ఒక పిల్లవాడు తన చేతులతో ఏదో ఒకటి సరిచేయాలని కూర్చున్నాడు. ఆ పెట్టెకు తాళం వేసే ముందు దానిలో ఏముందో ఒకసారి చూడమని మాత్రం కోరుతున్నాము.

ఇలాంటి పని చేసే పిల్లలున్న ఇళ్ళవారికి కొన్ని జాగ్రత్తలు. నమూనా 12 వోల్టులు, అంతకు తక్కువ కరెంటుతోనే నడవాలి. గోడ ప్లగ్గుకు నేరుగా ఏదీ తగిలించనివ్వవద్దు. పాత గాజుగొట్టం టీవీలను విప్పనివ్వవద్దు, ఆపేసిన తరువాత కూడా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని ముట్టుకోనివ్వవద్దు. టంకం వేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి. టంకంలోనూ వల గుళ్ళలోనూ సీసం ఉంటుంది, కనుక భోజనానికి ముందు చేతులను సబ్బుతో బాగా కడుక్కోవాలి. చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఆ గుళ్ళను మూత బిగించిన డబ్బాలోనే ఉంచాలి.

ఉమ్రాకు వెళ్ళేవారికి ఒక సంగతి. నౌపడా చిన్న రైలు మొదలైన 1900 సంవత్సరంలోనే సుల్తాన్ అబ్దుల్ హమీద్ హిజాజ్ రైల్వేను సంకల్పించారు. దమిష్క్ నుంచి సుమారు 1,300 కి.మీ. సాగి 1908లో అది మదీనాకు చేరింది. దాని నిర్మాణానికి హిందూస్తాన్ ముస్లిములు కూడా చందాలు పంపారు. మదీనాలో అంబరియా మసీదు దగ్గరి పాత స్టేషను ఇప్పుడు మ్యూజియం. ఆనాటి ఇంజన్లు అక్కడ ఉన్నాయి. వీలైతే పిల్లలను తీసుకువెళ్ళి, ఇంజనుకు ఒక వైపు నిలబడి కడ్డీ మేకు ఎక్కడ ఉందో చూడమనండి. తరువాత చుట్టూ నడిచి రెండవ వైపు చూడమనండి.