కోరంగి మడవనము



అరణ్యమనగానే కావ్యములు చదివినవారికి సింహశార్దూలములు స్ఫురించును. అట్టివి లేని అరణ్యమొకటి మన గోదావరీ ముఖమున, కాకినాడ చేరువను కలదు. అది కోరంగి మడవనము. 1978లో ప్రభుత్వమువారు దానిని అభయారణ్యముగా ప్రకటించిరి.

పరీక్షల పనిమీద కాకినాడకు వెళ్లిన మావారి వెంట మేమును పోయి, అచటి మా నెచ్చెలితో గూడి ఒకదినమున ఆ వనమును చూచితిమి. చెక్కలబాటపై నడచి, పిదప పడవ నెక్కితిమి. చేపలను వేటాడు బావురుపిల్లి రాత్రివేళ తిరుగునది గాన కానరాలేదు. నీటికుక్కలు రెండు తలలెత్తి, అంతలోనే మునిగినవి. “ఇంతేనా?” యని నెచ్చెలి నిట్టూర్చెను.

కాని అచట చూడదగినవి చెట్లే. బురదలో గాలి చొరదు గనుక మడచెట్టు వేళ్లు మేకులవలె పైకిలేచి గాలి పీల్చును. లోనికి చేరిన ఉప్పును ఆకులు వెలికి త్రోయును. కొన్ని జాతులలో గింజ తల్లికొమ్మనే అంటియుండి మొలకెత్తి, ఎదిగినపిదప గాని క్రిందికి జారదు. ఈ వేళ్ల నడుమనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును.

కోరంగి ఒకప్పుడు ఓడలరేవు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని పాడుచేసినవి. అట్టి వేళల అలల వేగమును కొంతయైన తగ్గించునది మడవనమే. దానిని వంటచెరకునకై నరకుట మన యింటి గోడను మనమే త్రవ్వుకొనుట. అయినను పొయ్యిలోనికి పుల్లలేని ఇల్లాలిని నిందించి ఫలమేమి? ఆమెకు వేరొక వంటసాధనము సమకూర్చుటయే వనరక్షణము.

పిల్లలతో అచటికేగు సోదరీమణులు మృగములను వెదకుటకు ముందు ఆ వేళ్లను వారికి చూపుదురు గాక.