పాత గడియారము – మన కర్తవ్యము

పాత గోడ గడియారమును చూడగానే దాని వెల ఎంత యని అడుగుట లోకరీతి. అది నడుచుచున్నదా, ఎవరు చేసిరి, ఎక్కడ చేసిరి అని అడుగువారు అరుదు. సేకరణ కాంక్ష గల విద్యార్థి మొదట ఈ ప్రశ్నలనే నేర్చుకొనవలెనని నా అభిప్రాయము.

గడియారములతో మన నగరమునకు గల అనుబంధము చిన్నది కాదు. చార్మినార్ నాలుగు దిక్కులా 1889లో గడియారములు అమర్చబడినవి. సాలార్‌జంగ్ మ్యూజియములోని కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారమున బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టుటను చూచుటకు నేటికిని జనము గుమిగూడుదురు. అవి ప్రభువుల వైభవమునకు చిహ్నములు. సామాన్యుని ఇంటికి గడియారము చేరిన కథ వేరు.

ఆ కథలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునకు ముఖ్యస్థానము కలదు. పూర్వము నిలువెత్తు పెట్టె గడియారమును ఒక్కొక్కటిగా చేతితో చేసెడివారు. అది ధనికుల సొత్తు. 1807లో ఎలై టెర్రీ అను పనివాడు మూడేండ్లలో 4000 గడియారములకు కొయ్య యంత్రములు చేసి ఇత్తునని ఒప్పుకొనెను. జలశక్తితో నడుచు యంత్రములపై చక్రములను ఒకే కొలతకు కోయించి మాట నిలుపుకొనెను. 1816లో బల్లమీద ఉంచదగిన చిన్న గడియారమునకు పేటెంటు పొందెను. తరువాత చౌన్సీ జెరోమ్ ఇత్తడి రేకు చక్రములతో వెలను ఇంకను తగ్గించి, 1842లో ఇంగ్లండుకు సైతము గడియారములు పంపెను. సెత్ థామస్, అన్సోనియా సంస్థల గడియారములు సముద్రములు దాటి మన దేశమునకును వచ్చినవి. 1929 ప్రాంతమున అన్సోనియా యంత్రసామగ్రి సోవియట్ దేశమునకు అమ్ముడుపోయినది. దాని గడియారములు మాత్రము ఇంకను అక్కడక్కడ గోడలపై మిగిలియున్నవి.

ఇట్టి వస్తువును మనము రెండు విధముల పాడుచేయుచున్నాము. లోలకము, స్ప్రింగు తీసివేసి బ్యాటరీ యంత్రము బిగించుట మొదటిది. పాలిష్ పేరిట పెట్టె లోపల అతికించిన కాగితపు చీటీని గీకివేయుట రెండవది. తయారీదారుని పేరు, ఊరు తెలుపు సాక్ష్యము ఆ చీటీయే. అది పోయినచో మిగులునది కొయ్య పెట్టె మాత్రమే.

సెల్‌ఫోనులో సరియైన సమయము దొరకుచుండగా ఇది ఏల యని కొందరు అడుగవచ్చును. సమయము కొరకు కాదు, తెలివి కొరకు. ఎండకాలమున లోలకపు కడ్డీ సాగి గడియారము మందగించును. అడుగునున్న మరను త్రిప్పి గుండును కొంచెము పైకెత్తినచో వేగము సరిపడును. పుస్తకములోని సూత్రము కంటికి కనబడుట ఇదియే. చౌమహల్లా ప్రాసాదమునందలి ఖిల్వత్ గడియారమునకు వారము వారము కీ ఇచ్చు బాధ్యతను ఒక గడియార నిపుణుల కుటుంబము వహించుచు వచ్చినది. కనిపెట్టుకొని యుండు చేయి ఉన్నంతవరకే యంత్రమునకు ఆయుష్షు.

ఇందుకు ధనము అవసరము లేదు. వస్తువును కొనుట మాత్రమే సేకరణ కాదు. వివరములను కూర్చుటయు సేకరణయే. అంబర్‌పేట్, ఉప్పల్, నాచారం ప్రాంతముల ఇండ్లలో, మసీదులలో, పాత దుకాణములలో ఇట్టి గడియారము కనబడినచో, యజమాని అనుమతితో చీటీలోని మాటలను, అది వచ్చిన వృత్తాంతమును, బాగుచేసినవారి పేరును విద్యార్థులు వ్రాసికొనవలెను. ఆ పట్టిక ఉర్దూలోను తెలుగులోను ఉండవలెను. దానికి గ్రంథాలయమున చోటిచ్చి, పక్కనే నడుచుచున్న గడియారమును ఒకదానిని అమర్చి, వారమునకొకమారు కీ ఇచ్చు పనిని విద్యార్థులకు అప్పగించవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుచున్నాను. బాగుచేయు విద్య తెలిసిన వృద్ధులు మన మధ్య ఉండగానే ఈ పని ఆరంభము కావలెను.